కుకు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది, ఏది నేర్చుకోవాలి? నోట్స్ షేర్ చేస్తే తప్పా?

తాళంపిచ్చి_హైద్
జెంబే (చేత్తో వాయించే పశ్చిమాఫ్రికా డ్రమ్) నేర్చుకుంటున్నా, బేసిక్స్ అయిపోయి ఇప్పుడు రిథమ్స్‌లోకి వచ్చాను. కుకు అనే రిథమ్ దగ్గర ఇరుక్కున్నా. క్లాసులో ఒకలా చెప్పారు, యూట్యూబ్‌లో గినీ ఆయనెవరో ఇంకోలా వాయిస్తున్నాడు, నెట్‌లో దొరికిన పీడీఎఫ్‌లో మూడో రకం రాసుంది. పేరు మాత్రం మూడింటికీ కుకునే. సార్‌ని అడిగితే నేను చెప్పిందే కరెక్ట్, మిగతావి వదిలెయ్ అన్నారు. ఇంకో సంగతి, నేను రాసుకున్న నోట్స్ అన్నీ శుభ్రంగా టైప్ చేసి ఇక్కడ పెడదామనుకున్నా, తెలుగులో ఇలాంటివి ఎక్కడా దొరకవు కదా. పెట్టొద్దని సార్ గట్టిగానే చెప్పారు. ఆఫ్రికాలో ఊరూరా వాయించుకునేవే కదా ఇవి, ఎవరి సొత్తని దాచాలి? కాస్త కోపంగానే అడుగుతున్నా.

వైజాగ్_వేణు
మూడూ కరెక్టే అయ్యుంటాయి బ్రో. ఏది బాగుంటే అది వాయించెయ్.

డప్పు_నర్సింగ్
గట్లెట్లంటవ్ వేణన్నా, ఏది బాగుంటే అది అంటే ఇగ నేర్సుకునుడు ఎందుకు? మా డప్పుల గూడ ఊరు మారితే దెబ్బ మారుతది. పీనుగెల్లేటప్పుడు కొట్టేది ఏరే, బోనాలకు కొట్టేది ఏరే, పేరడిగితే ఒక్కో ఊరోడు ఒక్కటి చెప్తడు. కని మా ఊరి దెబ్బ ఏదో మాకు తెలుస్తది. తమ్మీ, నీకు చెప్పిన సార్‌ది ఏ ఊరి దెబ్బ? ఆయనకు ఎవరు నేర్పిన్రు? గది అడుగు ముందుగాల.

లీడ్స్_లావణ్య
నర్సింగన్న అడిగిందే అసలు ప్రశ్న. నేనిక్కడ డునున్ (కర్రతో కొట్టే డ్రమ్) క్లాసుకి వెళ్తాను, మా టీచరు గినీలో కురూసా దగ్గర పెరిగిన మనిషి. ఏ రిథమ్ మొదలుపెట్టినా ముందు ఊరు చెప్తారు, ఎవరు ఆడతారో చెప్తారు, ఆ తర్వాతే చెయ్యి వెయ్యనిస్తారు.

కుకు గినీ అడవి ప్రాంతంది, బేలా వైపు. ఆడవాళ్ళు చేపలవేట నుంచి తిరిగొచ్చినప్పుడు ఆడే ఆటకి కొట్టేవాళ్ళని గినీ జెంబే గురువు మామడీ కెయిటా చెప్పేవారు. అక్కడ పాత పద్ధతిలో అంతా జెంబేలే, పెద్ద డునున్‌లు ఉండవు. కింది స్థాయిలో బిగించిన జెంబే ఒకటి ఆ పని చేసేది. తర్వాత రాజధాని కోనక్రీలో బాలే (స్టేజీ నాట్య) బృందాలు దాన్ని స్టేజీకి తెచ్చాక డునున్ భాగాలు కలిపారు. ఒక్కో బృందం ఒక్కోలా కలిపింది. అక్కడ వాయించినవాళ్ళు యూరప్, అమెరికా వెళ్ళి పాఠాలు చెప్పారు, వాళ్ళ శిష్యులు ఇంకోచోట చెప్పారు. నీకు దొరికిన మూడూ ఆ కొమ్మలే అయ్యుంటాయి. వేణు గారు అన్నట్టు మూడూ కరెక్ట్ కావచ్చు, కానీ మూడూ ఒకటి కాదు, ఒకదాని డునున్ మీద ఇంకోదాని జెంబే పెట్టి కలిపి కొడితే అది ఎవరి కుకూ కాదు.

తాళంపిచ్చి_హైద్
అక్కా, మా క్లాసులో డునున్‌లే లేవు. అందరికీ జెంబేలే. సార్ ఒక్కరే పక్కన చిన్న బెల్ కొడతారు.

లీడ్స్_లావణ్య
అక్కడే ఉంది తమ్ముడూ తేడా అంతా. జెంబే అకంపనీమెంట్లు నాలుగైదే ఉంటాయి, అవే ఎన్నో రిథమ్స్‌లో తిరుగుతూ ఉంటాయి. ఇది కస్సా, ఇది సోలీ అని గుర్తుపట్టేది డునున్‌ల వల్ల. మూడు ఉంటాయి, చిన్నది కెన్కెనీ, మధ్యది సంగ్బాన్, పెద్దది డునున్‌బా. కెన్కెనీ కదలకుండా ఒకటే పట్టు పడుతుంది. సంగ్బాన్ దగ్గర రిథమ్ ముఖం కనపడుతుంది. డునున్‌బా పొడుగ్గా చుట్టి వస్తుంది. మూడూ కలిస్తే ఒక పాటలా వినపడుతుంది, దాని మీద జెంబే సోలో మాట్లాడుతుంది. గినీలోని హమనా ప్రాంతంలో ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికీ ఒక్కో డునున్ అడ్డంగా పెట్టి, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో పైన కట్టిన గంట. బాలే పద్ధతిలో మూడూ నిలబెట్టి ఒక్కడే రెండు కర్రలతో కొడతాడు, గంటలుండవు. వీడియో చూసేటప్పుడు ముందు ఇది గమనించు, ఏ కొమ్మో సగం తెలిసిపోతుంది.

మాలీ వైపు మళ్ళీ వేరు. అక్కడ చాలాచోట్ల ఒకటో రెండో డునున్‌లే.

వైజాగ్_వేణు
సరే ఒప్పుకున్నా లావణ్య గారూ, నా మాట వెనక్కి 🙏 ఇంతకీ డునున్‌కి ఆవు తోలు, జెంబేకి మేక తోలు కదా? మా వైజాగ్‌లో వానాకాలం వస్తే మేక తోలు జారిపోయి స్లాప్ (పదునుగా మోగే దెబ్బ) అనేదే రాదు, అంతా ధబ్ ధబ్.

డప్పు_నర్సింగ్
మంట పెట్టి కాపన్నా.

వైజాగ్_వేణు
ఫ్లాట్‌లో మంట పెడితే సెక్యూరిటీ వస్తాడు అన్నా 😄 తాళ్ళు లాగి అడ్డముళ్ళు వేసుకుంటూ పోవడమే. కానీ ఒకటి, ఎండలో కార్లో వదిలేసి వెళ్ళొద్దు ఎవరూ, వానలో జారిందని బిగించిన తోలు ఎండకి టప్‌మని చిట్లుతుంది. వాయించడం అయిపోయాక సంచిలో పెట్టి మూతి కట్టాలి.

మృదంగం_మూర్తి
ఆసక్తిగా చదువుతున్నాను. నాకు మృదంగం నేపథ్యం ఉంది, ఈ మధ్య ఒక వర్క్‌షాప్‌లో జెంబే వాళ్ళతో కూర్చున్నాను. నా అభిప్రాయం ఏమిటంటే వీటిని మనవాళ్ళు అనవసరంగా కష్టం చేసుకుంటున్నారు. సోలీ, డునున్‌బా (డ్రమ్ కాదు, ఆ పేరుతో ఉన్న రిథమ్) లాంటివన్నీ తిస్రం. తకిట తకిట తకిట తకిట, పన్నెండు మాత్రలు, అయిపోయింది. కుకు, కస్సా చతురస్రం, తకధిమి. నోటితో సొల్లు (తకధిమి లాంటి తాళపు అక్షరాలు) వస్తే చేతికి అదే వస్తుంది. నోట్స్ షేర్ చేసేటప్పుడు గళ్ళు గీసి ఇంగ్లీషు అక్షరాలు పెట్టే బదులు సొల్లులో రాయండి, తెలుగువాళ్ళకి వెంటనే ఎక్కుతుంది.

ఓరుగల్లు_పిల్ల
మూర్తి గారూ సొల్లుతో లెక్క పట్టుకోవడం వరకు మీతో ఉన్నా, నేను కూడా అలాగే మొదలుపెట్టాను. కానీ "అయిపోయింది" అనకండి, అక్కడే ఉంది అసలు పని. తకిటలో మూడూ సమానం. వాళ్ళ చేతిలో ఆ మూడూ సమానంగా ఉండవు. రైనర్ పోలాక్ అని జర్మన్ పరిశోధకుడు, ఆయన కూడా వాయిస్తాడు, బమాకోలో వాయించేవాళ్ళ రికార్డింగులు తీసుకుని దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం కొలిచాడు. ఒక బీట్ లోపల దెబ్బలు కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా పడుతున్నాయి, అది కూడా ప్రతిసారీ అదే తీరుగా, వేగం పెరిగినా అలాగే. అంటే పొరపాటున జారడం కాదు, అందం కోసం ఎప్పుడో ఒకసారి లాగడం కూడా కాదు, ఆ రిథమ్ పుట్టడమే అలా పుట్టింది. గళ్ళ నోట్సులో ఇది కనపడదు, సొల్లులోనూ కనపడదు.

మృదంగం_మూర్తి
మన దగ్గర కూడా లాగి వాయించడం ఉంది కదమ్మా. లెక్క సమానంగానే ఉంటుంది, వాయించేవాడు కాస్త వాలుతాడు.

ఓరుగల్లు_పిల్ల
అదే సార్ తేడా. మన దగ్గర సమానం పునాది, వాలడం వాయించేవాడి ఇష్టం. పోలాక్ చెప్పేదేంటంటే అక్కడ సమానం కాని ఆ నడకే పునాది అని. మెట్రోనోమ్ పెట్టి సమానంగా కొడితే తప్పుపట్టరు గానీ ఆడేవాళ్ళ కాలు లేవదు.

లీడ్స్_లావణ్య
+1. మా టీచరు మెట్రోనోమ్ ఆఫ్ చేయించి ఆడమంటారు. ముందు స్టెప్ రావాలి, ఆ స్టెప్‌లో పాదం ఎప్పుడు నేల తాకుతుందో దాన్ని బట్టి చెయ్యి పడాలి. ఆట రానివాళ్ళకి సోలో నేర్పరు, ఎందుకంటే సోలో అంటే ఆడేవాళ్ళ కాళ్ళు చూసి కొట్టడం. వేడెక్కించే దెబ్బలు, ఎషోఫ్‌మాఁ అంటారు ఫ్రెంచిలో, అవి ఎప్పుడు వెయ్యాలో కాగితం మీద రాయలేం, ఎదురుగా ఆడే మనిషిని చూస్తేనే తెలుస్తుంది.

అక్రా_ఆంధ్రుడు
ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. నేను ఘానాలో ఫార్మా కంపెనీలో పని చేస్తా, అక్రాలో ఉంటా. అందరూ జెంబే జెంబే అంటున్నారు గానీ పశ్చిమాఫ్రికా అంటే జెంబే ఒక్కటే కాదు బాబూ. జెంబే మాండింగ్ వాళ్ళది, గినీ, మాలీ చుట్టుపక్కల. ఇక్కడ ఘానాలో సంత నిండా జెంబేలు అమ్ముతారు టూరిస్టుల కోసం, కానీ ఈ నేలవి వేరే ఉన్నాయి. వోల్టా వైపు ఎవే జాతి వాళ్ళ మేళం నాకు ఇష్టం. గాంకోగుయి అని జంట గంట ఉంటుంది, అదే అందరికీ దారి. ఆక్సాట్సే అని పూసలు అల్లిన సొరకాయ బుర్ర. కగాను చిన్నది, కిడి, సోగో, అన్నిటికన్నా పొడుగ్గా వాల్చి నిలబెట్టే అట్సిమేవు, అది మాస్టర్ డ్రమ్మర్‌ది. అగ్బాడ్జాలో, అగ్బెకోర్‌లో వినపడే గంట ఇది, అగ్బెకోర్ పాతకాలపు యుద్ధపు ఆట:

× . × . × × . × . × . ×

పన్నెండు మాత్రలు, ఏడు దెబ్బలు. 2-2-1-2-2-2-1 అని లెక్క పెట్టుకోండి. శనివారం వచ్చిందంటే ఇక్కడ ఎక్కడో ఒకచోట అంత్యక్రియల టెంట్ ఉంటుంది, ఎవే వాళ్ళ ఇంట్లోదైతే ఈ గంట దూరం నుంచే వినపడుతుంది. మొదట్లో నాకు ఒకటో దెబ్బ ఎక్కడుందో తెలిసేది కాదు, పక్కన నిలబడ్డ పెద్దావిడ నా భుజం మీద తట్టి చూపించింది, అప్పటినుంచి ఆ పట్టు పోలేదు.

మృదంగం_మూర్తి
2-2-1-2-2-2-1 అంటే శంకరాభరణం స్వరస్థానాలు! షడ్జం నుంచి రెండు స్థానాలు రి, రెండు గ, ఒకటి మ, రెండు ప, రెండు ద, రెండు ని, ఒకటి పై స. అచ్చంగా అదే వరస.

ఓరుగల్లు_పిల్ల
అబ్బా భలే పట్టారు సార్ 👏 పోలిక అంకెల్లో మాత్రమేలెండి, ఒకటి శ్రుతి, ఇంకోటి కాలం. గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఇంతకన్నా సులువైంది లేదు మనకి. సరిగమపదనిస అని లోపల అనుకుంటూ ఎక్కువ గ్యాప్ తక్కువ గ్యాప్ చూసుకోవడమే.

డప్పు_నర్సింగ్
మాకు శంకరాభరణం రాదు గని గంట మాత్రం కొట్టి సూసిన, సిటికెన పుల్లతోని. ఎడమ చెయ్యి సిటికెన, కుడి చెయ్యి సిర్రతోని నాలుగు దెబ్బలు సమానంగ. మస్తుంది. మా పోరగాళ్ళు సుట్టు మూగిన్రు ఇదేం దెబ్బ కాకా అని.

అక్రా_ఆంధ్రుడు
నర్సింగన్నా అదే అసలు పద్ధతి! గంట ఒక చేత్తో, కింద నాలుగు అడుగులు. కాళ్ళతో ఆ నాలుగూ నడుస్తూ గంట కొట్టగలిగితే సగం వచ్చేసినట్టే.

పాతబస్తీ_పోరడు
మన హైదరాబాద్‌లో ఆఫ్రికా డ్రమ్స్ ఎప్పటినుంచో ఉన్నాయి కదా భాయ్, పెళ్ళిళ్ళలో మర్ఫా. ఏసీ గార్డ్స్ అంటేనే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. అక్కడి పెద్దమనుషుల దగ్గర నేర్చుకోకుండా యూట్యూబ్ ఎందుకు?

ఓరుగల్లు_పిల్ల
మర్ఫా నేర్చుకోవాలంటే తప్పకుండా వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి భాయ్. కానీ ఈ థ్రెడ్‌లో కలపకండి. నిజాం సైన్యంలో చేరిన సిద్దీలు తూర్పు ఆఫ్రికా వైపు నుంచి వచ్చినవాళ్ళు, బార్కస్ చావుష్‌లు యెమెన్ హద్రమౌత్ నుంచి. మర్ఫా ఆ దారిలో వచ్చింది. గినీ, మాలీ, ఘానా ఖండానికి అవతలి ఒడ్డు, వేల కిలోమీటర్లు. ఆఫ్రికా అనగానే అంతా ఒకటే అనుకోవడం వల్లే ఈ పేర్ల గందరగోళం అంతా.

పాతబస్తీ_పోరడు
సహీ హై. మర్ఫాకి వేరే థ్రెడ్ పెడతా, అందరూ రావాలి.

డాక్టరమ్మ_గుంటూరు
కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఒక మాట, మధ్యలో దూరుతున్నా. మా దగ్గరికి ఒక కుర్రాడు భయపడుతూ వచ్చాడు, మూత్రం కాఫీ రంగులో వచ్చిందని. ముందురోజు గంటల తరబడి జెంబే వాయించాడట. చేత్తో గట్టిగా, ఎక్కువసేపు కొట్టినప్పుడు అరచేతుల్లో ఎర్ర రక్తకణాలు చితికి ఆ రంగు మూత్రంలో దిగుతుంది, కాంగా డ్రమ్ములు వాయించేవాళ్ళలో కూడా తెలిసిన సంగతే. సాధారణంగా విశ్రాంతి తీసుకుని నీళ్ళు బాగా తాగితే తగ్గుతుంది, అయినా అలా కనపడితే పరీక్ష చేయించుకోవాలి, అన్నీ దీనివల్లే అనుకోకూడదు. ఉంగరాలు తీసేసి వాయించండి. శబ్దం రావడానికి బలం అక్కర్లేదని మీ టీచర్లు చెప్పే ఉంటారు. ఇంకొకటి, బయటినుంచి తెచ్చిన పచ్చి తోలు ఇంట్లో గీకి మీరే ఎక్కించుకోవాలని చూడకండి. శుద్ధి చేయని మేక తోళ్ళ దుమ్ము పీల్చి డ్రమ్ములు చేసేవాళ్ళకి ఆంత్రాక్స్ వచ్చిన కేసులు ఉన్నాయి, 2006లో న్యూయార్క్‌లో, 2008లో లండన్‌లో. లండన్ మనిషి చనిపోయాడు.

వైజాగ్_వేణు
అమ్మో. నేను వచ్చే నెల తోలు మార్చుకుందామనుకున్నా, షాపులోనే ఇచ్చేస్తా.

తాళంపిచ్చి_హైద్
స్లాప్‌కి బలం అక్కర్లేదా? మా బ్యాచ్‌లో అందరం చేతులు వాచేలా కొడుతున్నాం.

లీడ్స్_లావణ్య
అక్కర్లేదు. టోన్‌కి వేళ్ళు దగ్గరగా పెట్టి అంచు మీద నిండుగా పడాలి. స్లాప్‌కి చెయ్యి వదులుగా, వేళ్ళ కొసలు మాత్రం విసురుగా తాకి ఎగరాలి. తేడా చెయ్యి ఆకారంలో ఉంది, బలంలో లేదు. టోన్, స్లాప్ రెండూ ఒకే జోరులో కొట్టి వేరువేరుగా వినపడుతున్నాయో లేదో ఫోన్లో రికార్డు చేసుకుని చూడు. ఎడమ చేతిది కుడి చేతిదిలా వినపడేదాకా కొత్త రిథమ్ ముట్టుకోకు.

నైజీరియా ఆయన ఒలటుంజీ, అమెరికాలో ఎంతోమందికి నేర్పించారు, ఆయన నోటి అక్షరాలు నీకు పనికొస్తాయి. బేస్‌కి గున్, డున్. టోన్‌కి గో, డో. స్లాప్‌కి పా, టా. మొదటిది కుడి, రెండోది ఎడమ. తెలుగులో రాయడానికి ఇంతకన్నా బాగా ఏది కుదురుతుంది? మూర్తి గారూ, సొల్లు బదులు ఇది వాడితే ఏ చెయ్యో కూడా తెలిసిపోతుంది.

మృదంగం_మూర్తి
అంగీకరిస్తున్నాను. గున్ డున్ గో డో పా టా. నోటికి హాయిగా ఉంది.

ఓరుగల్లు_పిల్ల
ఇప్పుడు షేరింగ్ సంగతికి వద్దాం, దాని మీద ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. తమ్ముడు అడిగాడు కదా ఎవరి సొత్తని. జెంబే విషయంలో ఆ ప్రశ్నకి గట్టి కారణమే ఉంది. మాండింగ్ సమాజంలో కోరా, బాలాఫోన్ లాంటి వాయిద్యాలు జెలీ (గాయకుల) వంశాల చేతిలో ఉంటాయి, పుట్టుకతో వచ్చే వృత్తి. జెంబేని చెక్కేది నుమూలు, అంటే కమ్మరులు, చెట్టు కొట్టే హక్కూ మంత్రమూ వాళ్ళవి. వాయించడానికి మాత్రం వంశం అడ్డు లేదు, చెయ్యి ఉన్నవాడు ఎవడైనా జెంబేఫోలా (జెంబే వాయించేవాడు) కావచ్చు. కాబట్టి దాచుకోవాల్సిన రహస్యం అని మీ సార్ చెప్తే నేను ఒప్పుకోను.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. ఫోదెబా కెయిటా 1950ల మొదట్లో పారిస్‌లో లే బాలే ఆఫ్రికేన్ అనే నాట్య బృందం పెట్టాడు, 1958లో గినీకి స్వాతంత్ర్యం వచ్చాక అది దేశపు బృందమైంది. ఊళ్ళలోంచి మంచి వాయిద్యగాళ్ళని ఏరి తెచ్చారు, సాంగ్‌బరాలా నుంచి ఫాముడు కొనాటే, బలాండుగు నుంచి చిన్న వయసులోనే మామడీ కెయిటాని ద్జోలిబా బాలేకి. లోకమంతా చప్పట్లు కొట్టింది. ఫోదెబా మంత్రి కూడా అయ్యాడు, చివరికి అధ్యక్షుడు సెకూ టూరే హయాంలోనే క్యాంప్ బోయిరో జైల్లో 1969లో ప్రాణం పోయింది. ఇంత చరిత్ర మోసుకుని దేశం దాటి వచ్చినవాళ్ళకి తర్వాత జీవనాధారం పాఠాలే. మామడీ 1991లో బ్రస్సెల్స్‌లో తం తం మాండింగ్ బడి పెట్టాడు, 2021లో పోయాడు. వాళ్ళు నోటితో చెప్పింది ఎవరో పీడీఎఫ్ చేసి పేరు కూడా వేయకుండా అమ్ముకుంటుంటే నాకు కడుపు మండుతుంది.

వైజాగ్_వేణు
అమ్ముకోవడం వేరు ఫ్రీగా పెట్టడం వేరు కదా. తమ్ముడు ఫ్రీగానే పెడతానంటున్నాడు.

ఓరుగల్లు_పిల్ల
ఫ్రీగా పెట్టినా పేరు తీసేస్తే నష్టం అదే. ఆ మూడో రకం కుకు పీడీఎఫ్‌లో ఎవరి దగ్గర నేర్చుకున్నదో ఒక్క లైన్ రాసుంటే తమ్ముడు ఇక్కడికి వచ్చి అడగాల్సిన పనే ఉండేది కాదు.

అక్రా_ఆంధ్రుడు
చట్టం వైపు నుంచి ఒకటి. ఘానాలో 2005 కాపీరైట్ చట్టం ప్రకారం జానపద కళల హక్కులు ప్రజల తరఫున దేశాధ్యక్షుడి పేరున ఉంటాయి. వ్యాపారానికి వాడుకోవాలంటే అనుమతి అడగాలి. ఊరికే ఇంట్లో నేర్చుకుంటే ఎవరూ అడ్డు రారు. చట్టం పక్కన పెట్టినా ఇక్కడ అన్నీ అందరూ వాయించేవి కావు. అశాంతి రాజుల ఆస్థానంలో ఫోంటోంఫ్రోం అని పెద్ద డ్రమ్ములు ఉంటాయి, రాజు ఎదుట మోగాల్సినవి, వీధిలో సరదాకి కొట్టరు. దానికి పూర్తి ఎదురు క్పాన్‌లోగో, 1960లలో అక్రాలో గా జాతి కుర్రాళ్ళు తయారుచేసుకున్న ఆట, అప్పటి పెద్దవాళ్ళు అదేం ఆటరా అని తిట్టారు కూడా, ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని సంప్రదాయం అని నేర్పుతోంది. గాహు ఉంది, ఎవే వాళ్ళది అంటారు, అది నైజీరియా, బెనిన్ వైపు యోరుబా మాట్లాడేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. అన్నిటికీ ఒకే రూలు పెట్టలేం. ఏది ఎలాంటిదో అడిగి తెలుసుకోవాలి.

గంటలు కూడా పెడుతున్నా, పదహారు మాత్రల్లో. క్పాన్‌లోగో 3-3-4-2-4. గాహు 3-3-4-4-2. చివర రెండు అటూ ఇటూ అవుతాయి, అంతే తేడా, కానీ మొత్తం నడకే మారిపోతుంది. రెండూ వెంటవెంటనే కొట్టి చూడండి.

డప్పు_నర్సింగ్
నేను ఒకటి సెప్తా. నాకు మా నాయిన నేర్పిండు, ఎవరడిగినా నేర్పుత, పైసలు తీసుకోను. కని సావు దెబ్బ తీస్కపోయి కాలేజి ఫంక్షన్ల కొడితే మాత్రం నాకు మనసున వట్టది. గది ఏడుపుల కొట్టేది. గట్ల వాళ్ళకు గూడ ఉంటది గదా?

లీడ్స్_లావణ్య
ఉంటుంది నర్సింగన్నా, ఉంటుంది. మోరిబయాసా అని ఒక రిథమ్ ఉంది. ఒక ఆడమనిషి పెద్ద కష్టంలో మొక్కుకుంటుంది, పిల్లలు పుట్టాలనో, జబ్బు మనిషి బతకాలనో. అది తీరిన రోజున చినిగిపోయిన పాత గుడ్డలు కట్టుకుని, వాయించేవాళ్ళు వెంట నడుస్తుంటే, ఊరు చుట్టూ ఆడుతూ పాడుతూ తిరుగుతుంది. చుట్లు పూర్తయ్యాక ఆ గుడ్డలు విప్పి కొత్తవి కట్టుకుంటుంది. బతుకులో ఒక్కసారి జరిగే సంగతి అది. నేను దాన్ని ఒక కంపెనీ వాళ్ళ టీం బిల్డింగ్‌లో విన్నాను, మైకు పట్టుకున్నాయన "ఎనర్జీ ఎనర్జీ" అని అరుస్తున్నాడు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు, లేచి వచ్చేశాను.

డునున్‌బా కూడా అంతే, బలవంతుల ఆట అంటారు. హమనాలో మగవాళ్ళు వయసుల వారీ జట్లుగా దిగుతారు, కొరడా దెబ్బలు ఓర్చుకునే పంతం ఉండేది దాంట్లో. ఒక్క డునున్‌బా పేరు కింద ఎన్నో రిథమ్స్ ఉన్నాయి. పీడీఎఫ్‌లో "డునున్‌బా" అని ఒక్కటే రాసుంటే ఏ డునున్‌బా అని అడగాలి.

కస్సా మాత్రం హాయిగా ఎక్కడైనా వాయించుకోవచ్చనిపిస్తుంది నాకు, పొలంలో కోతలకి కొట్టేది. కోతలు కోసేవాళ్ళు వరసలో కదులుతుంటే వాయించేవాళ్ళు వెనక నడుస్తారు, ఆడవాళ్ళు పాడతారు.

కృష్ణాతీరం
నాట్లకి పాడే పాటలు మా అమ్మమ్మ దగ్గర విన్నాను. కస్సా పాట ఎవరైనా పెట్టగలరా? వాయించడం రాదు నాకు, విందామని.

లీడ్స్_లావణ్య
టీచర్ని అడిగి పెడతాను అండీ.

కృష్ణాతీరం
ఇంకో డౌటు, ఆడవాళ్ళు జెంబే వాయించకూడదంటారట కదా అక్కడ? మీకెలా నేర్పుతున్నారు?

లీడ్స్_లావణ్య
ఊళ్ళలో మగవాళ్ళ పనిగానే ఉండేది. ఇప్పుడు గినీలోనే ఆడవాళ్ళ బృందాలు వాయిస్తున్నాయి. మా టీచరు మొదటి రోజు ఒకటే అడిగారు, రోజూ కూర్చుంటావా అని. సెనెగల్‌లో దూదూ ఎన్‌డియాయే రోజ్ తన ఇంటి ఆడవాళ్ళతో లే రోజెట్ అని ఏకంగా ఒక బృందమే కట్టాడు, సబార్ అనే అక్కడి డ్రమ్ మీద. అక్కడ కూడా ఎవరూ ఆడవాళ్ళ చేతికి ఇవ్వని వాయిద్యమే అది.

తాళంపిచ్చి_హైద్
ఇవాళ క్లాసులో సార్‌ని నర్సింగన్న చెప్పినట్టే అడిగాను, మీకు ఎవరు నేర్పారు సార్ అని. మొదట గుర్రుమన్నారు, తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. ఆయన బెల్జియం వెళ్ళి నేర్చుకున్నారట, అప్పు చేసి మరీ. అక్కడ ఆడియో తీసుకోవచ్చు, వీడియో వద్దు, కాగితం మీద రాసింది బయట పంచొద్దు అని షరతు పెట్టారట, ఆ మాట తప్పడం ఇష్టం లేక వద్దన్నారు. మరి ఇది మొదటే చెప్తే నాకు కోపం వచ్చేది కాదు కదా. ఇంకో బ్యాచ్‌తో కలిసి డునున్‌లు చేయించుకుందామంటే ఒప్పుకున్నారు. చెక్క పని చేసే ఆయన ఒకరు మౌలాలీలో ఉన్నారట.

డప్పు_నర్సింగ్
గదీ. అడిగితే సెప్తరు. తోలు పనికి నేనొస్త, ఆవు తోలు ఎక్కించుడు నాకు ఎరుకే.

డాక్టరమ్మ_గుంటూరు
శుద్ధి చేసిన తోలే నర్సింగ్ గారూ!

డప్పు_నర్సింగ్
గట్లనే డాక్టరమ్మా, సున్నంల నానబెట్టిందే తెస్త, ముక్కుకు గుడ్డ కట్టుకుంట.

మోడరేటర్_శ్రీను
థ్రెడ్ పిన్ చేస్తున్నా. ఇకనుంచి ఎవరు రిథమ్ పెట్టినా పైన ఇవి రాయండి: ఏ ప్రాంతం, ఎవరి ఆట, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాళ్ళు పంచుకోమన్నారా లేదా. డునున్ లేదా గంట భాగం లేకుండా జెంబే ఒక్కటే పెడితే తీసేస్తాను. క్లాసు వీడియోలు అనుమతి లేకుండా పెడితే అవీ తీసేస్తాను. అక్షరాలు గున్ డున్ గో డో పా టా పద్ధతిలో.

మృదంగం_మూర్తి
ఆడియో తప్పనిసరి చేయండి శ్రీనూ. ఓరుగల్లు అమ్మాయి చెప్పిన ఆ అసమానమైన నడక రెండు రోజులుగా వింటున్నాను, రాసి చూపించలేను, చెవితో మాత్రం దొరుకుతోంది. మూడో మాత్ర ఆలస్యమవుతుందనుకున్నా, నిజానికి మొదటి రెండే దగ్గరగా వస్తున్నట్టున్నాయి కొన్నింట్లో.

ఓరుగల్లు_పిల్ల
అవును సార్, కొన్నింట్లో అలాగే, అన్నింట్లో కాదు. రిథమ్‌ని బట్టి మారుతుంది. మీరు మాలీ వాళ్ళవి, గినీ వాళ్ళవి పక్కపక్కన పెట్టి వినండి.

మోడరేటర్_శ్రీను
ఆడియో పాయింట్ కలిపాను మూర్తి గారూ.

అక్రా_ఆంధ్రుడు
నేను అగ్బాడ్జా గంట, ఆక్సాట్సే, కగాను మూడూ విడివిడిగా, తర్వాత కలిపి పెడతాను. నాకు నేర్పే ఆయన వోల్టా ప్రాంతంవాడు, అడిగాను, పెట్టు గానీ మా ఊరి పేరు రాయి అన్నారు. రాస్తాను.

సబార్_కావాలి
సబార్ కూడా ఇందులోనే అడగొచ్చా? ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో అరచెయ్యి అంట కదా, ఎవరైనా నేర్పేవాళ్ళు ఉన్నారా బెంగళూరు వైపు?

లీడ్స్_లావణ్య
అవును, ఒక చేతిలో సన్న కర్ర, రెండో చెయ్యి ఉత్తదే. వేరే థ్రెడ్ పెట్టు, ఇది ఇప్పటికే పొడుగైపోయింది. మొదలుపెట్టేముందు సబార్‌కి ఆడే ఆట వీడియోలు చూడు, కాళ్ళు చూడు.